వీధిబడి గొంతులో లెక్క

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. తన జిల్లాలో బడులెన్ని, వాటిలో చదివేవాళ్లెవరు, చదివేదేమిటి అన్నది అందులోని సంగతి. అంతకు ముందటి ఏడాది జూన్ 25న గవర్నరు థామస్ మన్రో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఈ వివరాలు సేకరించమని ఆదేశించాడు. చాలామంది కలెక్టర్లు అంకెల పట్టిక నింపి పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ అలా కాదు. 1816లోనే తెలుగు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చు వేయించిన మనిషి ఆయన. అందుకే బడి గడప దాటి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. పిల్లల్ని రోజుకు రెండుసార్లు వరుసల్లో నిలబెట్టేవారట. పెద్ద పిల్లవాడొకడు ముందు చెబుతుంటే మిగతావాళ్లంతా కూడికలు, గుణకారపు ఎక్కాలు, భిన్నాలు, కొలతలు, తూకాలు గొంతెత్తి వల్లించేవారట.

రెండు వందల ఏళ్ల తర్వాత ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణలలో ఎక్కడ చూసినా ఒక మాట వినిపిస్తోంది. లెక్కల పాఠం మొదలుపెట్టే ముందు అయిదు పది నిమిషాలు పిల్లల బుర్రకు పని చెప్పాలని, అది రోజూ జరగాలని, కాగితం కలం లేకుండా జరగాలని. ఇది కొత్తగా దిగుమతి అయిన పద్ధతి అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ రోజువారీ లెక్కల సాధన తెలుగు నేల మీద ఎప్పటినుంచో ఉన్నదే. దాని అడుగున ఒక గట్టి ఆలోచన కూడా ఉండేది, ఏ వస్తువునైనా నాలుగు భాగాలు చేసి చూడడమనే ఆలోచన. కాలం మారాక వల్లెవేత మిగిలింది, ఆలోచన జారిపోయింది. ఈ జారిపోవడం ఎలా జరిగిందో తెలియాలంటే ఆ బడిలోకే వెళ్లాలి.

అప్పటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో భాగం. ఈనాటి అనంతపురం ప్రాంతం కూడా అందులోనే ఉండేది. 1882లో గానీ అది వేరే జిల్లా కాలేదు. జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. సగటున బడికి పన్నెండు మంది. ఆ బడుల్లో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. ఈ చిన్న బడులనే కోస్తాలో వీధిబడి అనేవారు. తెలంగాణలో కానిగి బడి అన్న పేరు ఉండేది. భవనం ఉండదు. ఎవరి ఇంటి అరుగో, గుడి మండపమో, చెట్టునీడో చాలు. పంతులు ఒక్కడే, తరగతులు మాత్రం మూడు నాలుగు.

ఉదయం ఆరింటికి బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్న చుట్టేవారు, మెప్పూ లేదు, తప్పూ లేదని. మూడో వాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. బడిలో అడుగు పెట్టక ముందే పిల్లవాడికి తాను ఎన్నోవాడో లెక్క తెలిసిపోయేది. వీధి మలుపు నుంచి పరుగెత్తుకొస్తూ, అరుగు మీద ఎంతమంది కూర్చున్నారో ఎంచుకుంటూ వచ్చేవాళ్లే అందరూ.

అయిదో ఏట ఓనమాలు. మొదట నేల మీద పరిచిన ఇసుకలో వేలితో దిద్దాలి. చేయి తిరిగాక తాటాకు, గంటం. లెక్కలు వేసుకోవడానికి ఇంకో రెండు సాధనాలుండేవి. ఒకటి, అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క పలక. దాన్ని చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసేవారు. రెండోది కడితం. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురు కలిపి నల్లగా పూస్తే కడితం తయారయ్యేది. బలపంతో రాయడం, తడిగుడ్డతో తుడవడం, మళ్లీ రాయడం. ఇంత చవకగా రాత నేర్పడం క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చింది. ఆ మెప్పును నివేదికలో దాచుకోలేదు.

అక్షరాలు, గుణింతాలు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు అయ్యాక అంకెలు వచ్చేవి. ఒకటి నుంచి నూరు దాకా లెక్కించడం, కూడిక ఎక్కాలు, డబ్బు కూడికలు, తీసివేతలు, గుణకారాలు, ఒక కొలతను ఇంకో కొలతలోకి మార్చడం, ఈ వరుసలో చదువు సాగేది. అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టేది మాత్రం భిన్నాల మీద. ఇక్కడే క్యాంప్‌బెల్ ఒక విషయం పట్టుకున్నాడు. తన దేశంలో దశాంశ భిన్నాలు పదేసి వంతులుగా దిగితే, ఈ బడుల్లో భిన్నాలు నాలుగేసి వంతులుగా దిగుతున్నాయని, అలా చాలా లోతుకు పోతున్నాయని రాశాడు. రోజుకు రెండుసార్లు నిలబడి చేసే ఆ వల్లెవేత ఉన్నది ముఖ్యంగా వీటిని పిల్లల నాలుక మీద నిలపడానికే.

ఒకటిని నాలుగు చేస్తే పావు. పావును నాలుగు చేస్తే వీసం, అంటే పదహారో వంతు. వీసాన్ని నాలుగు చేస్తే కాని, అరవై నాలుగో వంతు. మధ్యలో రెండు వీసాలు కలిస్తే పరక, మూడు కలిస్తే మువ్వీసం. పావులు రెండైతే అర, మూడైతే ముప్పావు. ఈ మెట్లన్నిటికీ రాతలో గుర్తులున్నాయి. పావుకు ఒక నిలువు గీత ౹, అరకు రెండు ౺, ముప్పావుకు మూడు ౻. ఒక మెట్టు దిగితే గీతలు అడ్డం తిరుగుతాయి. వీసానికి ౼, పరకకు ౽, మువ్వీసానికి ౾. ఇంకో మెట్టు దిగి కానుల దగ్గరికి వస్తే మళ్లీ నిలువు. ముప్పావూ పరకా కలిసిన మొత్తాన్ని ౻౽ అని రాస్తారు. దశాంశ బిందువు అక్కర్లేదు. గీత నిలువా అడ్డమా అన్నదే అది ఏ మెట్టులో ఉందో చెప్పేస్తుంది. దస్త్రాల్లో, కరణాల చిట్టాల్లో బతికిన ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. వాటిని ఇప్పుడు కంప్యూటర్‌లోనూ రాయవచ్చు.

నాలుగే ఎందుకు? జవాబు కొలపాత్రల్లో ఉంది. నాలుగు గిద్దలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. మధ్యలో సగాలకు కూడా పేర్లున్నాయి. రెండు సోలలు తవ్వ, రెండు మానికలు అడ్డ, రెండు కుంచాలు ఇరస. ఊరూరికీ పాత్ర పరిమాణం కొంచెం మారేది గానీ ఈ నిచ్చెన మాత్రం మారేది కాదు. గింజల కుప్పను ఎదురుగా పెట్టుకుని రెండు చేతులతో సగం చేయడం, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం ఏ మనిషికైనా చేతనవుతుంది. పది సమభాగాలు చేయమంటేనే కష్టం.

డబ్బుదీ అదే దారి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు. అంటే అణా అన్నది రూపాయిలో వీసం, కాని అన్నది రూపాయిలో అరవై నాలుగో వంతు. నాలుగణాలు పావలా, పన్నెండణాలు ముప్పావలా, రెండణాలు బేడ. హైదరాబాద్ సంస్థానంలో చెల్లిన హాలీ రూపాయికీ పదహారణాలే. గింజ కొలిచినా, డబ్బు ఎంచినా పిల్లవాడి నోట్లో తిరిగేది ఒకే నిచ్చెన. పదహారో ఎక్కం వరకూ కంఠతా రావాలని పెద్దలు పట్టుపట్టింది ఊరికే కాదు. రూపాయల్ని అణాలు చేయాలంటే ఆ ఎక్కమే దారి.

ఈ నిచ్చెన లెక్కను ఎంత తేలిక చేస్తుందో ఒక ఉదాహరణలో కనిపిస్తుంది. మానిక పదకొండు అణాల చొప్పున పదమూడు మానికల నూనె ధర కావాలి. ఇప్పటి పిల్లవాడైతే పదమూడును పదకొండుతో గుణించి, వచ్చిన నూట నలభై మూడును పదహారుతో భాగించడానికి కాగితం అందుకుంటాడు. భిన్నాలు నోటికి వచ్చినవాడికి ఆ అవసరం లేదు. పదకొండు అణాలంటే అర్ధరూపాయి, బేడ, అణా. పదమూడు అర్ధరూపాయలు ఆరున్నర రూపాయలు. పదమూడు బేడలు రూపాయి పది అణాలు. పదమూడు అణాలు ఎలాగూ పదమూడు అణాలే. అన్నీ కలిపితే ఎనిమిది రూపాయల పదిహేనణాలు. గడుసువాడైతే ఇంకో దారి పడతాడు. మానికకు పన్నెండు అణాలు, అంటే ముప్పావలా అనుకుంటే పదమూడు ముప్పావలాలు తొమ్మిది రూపాయల పన్నెండణాలు, అందులోంచి పదమూడు అణాలు తీసేస్తే సరి. సంఖ్యను తనకు అనువైన ముక్కలుగా విరవడం, విరిచిన ముక్కల్ని మళ్లీ పేర్చడం అంటే ఇదే. రోజుకు రెండు పూటలా వల్లించిన ఎక్కం ఆ ముక్కల్ని పిల్లవాడి చేతికి అందుబాటులో ఉంచేది.

ఇలాంటి అంకగణితం పక్కన శాస్త్ర గణితం ఒకటి ఎప్పటినుంచో ఉంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు. ఆ గ్రంథం పండితులది. అరుగు మీది బడికి పట్టింది మాత్రం సంత లెక్క, కళ్లం లెక్క, శిస్తు లెక్క. ఈ రెండో దాని మీద చరిత్రకారులు ఆలస్యంగా కన్ను వేశారు. తమిళనాట తిన్నై (అరుగు) బడుల మీద సెంథిల్ బాబు చేసిన పరిశోధన 2022లో పుస్తకంగా వచ్చింది. ఆ బడుల్లో కంఠస్థాన్ని అర్థంలేని చిలకపలుకుగా కొట్టిపారేయడం పొరపాటని, ఊరి కొలతలతో, ఊరి పనులతో ముడిపడిన జ్ఞాపకం అక్కడ నేర్చుకునే విధానమేనని ఆయన వాదన. తెలుగు వీధిబడికీ ఈ మాట చెల్లుతుంది. క్యాంప్‌బెల్ రాసిన జాబితాలో ఎక్కాల పక్కనే కొలతలు, తూకాలు ఉండడమే ఇందుకు సాక్ష్యం.

ముందు నిలబడి చెప్పే ఆ పెద్ద పిల్లవాడి సంగతి ఇంకా చెప్పుకోవాలి. పంతులు ఒక్కడు కాబట్టి కింది తరగతులు పెద్ద పిల్లల చేతుల్లో నడిచేవి. చిన్నవాళ్లకు చెబుతూ చెబుతూ పెద్దవాళ్లు తమ చదువు గట్టిపరుచుకుంటున్నారని, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని క్యాంప్‌బెల్ రాశాడు. ఆ అనుకరణ వెనుక ఒక కథ ఉంది. ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతాచార్యుడు 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమం నడిపాడు. ఒక స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాస్తుండగా చూసి తన బడిలోనూ ఇసుక పరిపించాడు. పిల్లల చేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండులో వేలమంది పేదపిల్లల బడులకు చేరింది. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంగ్లీషు విద్యావేత్త కూడా అదే కాలంలో దాదాపు అదే దారిలో బడులు పెట్టాడు. ఇసుక సంగతి స్థానిక బడిలో చూశానని బెల్ ఒప్పుకున్నాడు గానీ, పిల్లల చేత చెప్పించడం మాత్రం తన ఆవిష్కరణ అనేవాడు. దత్తమండలాల అరుగుల మీద అది రోజూ జరుగుతున్న పని అని చెప్పడానికి క్యాంప్‌బెల్ నివేదిక మిగిలింది.

ఇంత చెప్పాక ఆ బడిని బంగారు బడి అనేస్తే అబద్ధమవుతుంది. చదవని వాడికి బెత్తం దెబ్బలుండేవి. రెండు చేతులూ తాడుతో కట్టి దూలానికి వేలాడదీసే కోదండం ఉండేది. ఆగకుండా గుంజీలు తీయించేవారు. ఇవన్నీ క్యాంప్‌బెల్ కళ్లకు కట్టినట్టు రాశాడు. తర్వాతి తరాల తెలుగువాళ్ల జ్ఞాపకాల్లోనూ ఇవే కనిపిస్తాయి. భయంతో వచ్చిన ఎక్కం నాలుక మీద నిలుస్తుంది కానీ, ఎందుకు అని అడిగే ధైర్యాన్ని తినేస్తుంది. ఆ బడి చేసిన పెద్ద తప్పు అదే.

పైగా ఆ అరుగు అందరిదీ కాదు. బళ్లారి జిల్లాలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. తొమ్మిది లక్షలకు పైగా జనంలో అరవై మంది! మన్రో 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఆ అంకె చూసి గర్వపడేవాళ్లున్నారు, అప్పటి యూరప్ దేశాలతో పోల్చి చెప్పేవాళ్లున్నారు. ఆ పోలికలో నిజం ఉంది. కానీ ఊరి చివర మాలమాదిగ పల్లెల నుంచి ఆ అరుగెక్కినవాళ్లు ఎందరని అడిగితే ఆ గర్వం నిలబడదు. గింజలు కొలిచింది ఆ చేతులే. వాటికి కొలత లెక్క మాత్రం నేర్పలేదు.

అర్థం తెలియని చదువు గురించి లోపలివాళ్లే అప్పటికే గొంతెత్తారు. ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్లి మద్రాసు పై కోర్టయిన సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఒక నివేదిక ఇచ్చాడు. పిల్లలు ఏళ్ల తరబడి పద్యాలు బట్టీ పడుతున్నారే గానీ వాటి అర్థం వాళ్లకు తెలియదని, చెప్పేవాళ్లకూ తెలియదని ఆయన బాధ. ఆయన ముఖ్యంగా భాష చదువును తప్పుపట్టాడు. లెక్కల చదువు కొలపాత్రలతో, సంతతో ముడిపడి ఉండడం వల్ల పద్యాల చదువు కంటే కొంత మెరుగ్గా ఉండేదని చెప్పుకోవచ్చు. పద్యానికి అర్థం చెప్పేవాడు లేకపోయినా, పరక అంటే ఎంతో సంతలో శెట్టిగారే చెప్పేస్తాడు.

పంతులు బతుకు మరీ దీనం. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదని, అంత తక్కువకు తగినవాళ్లెవరూ ముందుకు రారని క్యాంప్‌బెల్ రాశాడు. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగితే వచ్చే మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఆ కొరతను కాస్త పూడ్చేవి. బడులు ఎందుకు తగ్గిపోతున్నాయో కూడా క్యాంప్‌బెల్ దాచలేదు. ఇంగ్లండు బట్టలు వచ్చిపడి నేతపనివాళ్లు చితికిపోయారని, ఊళ్లలో ఒకప్పుడు బడి ఉన్నచోట ఇప్పుడు లేదని, కడుపు నిండనివాళ్లు పిల్లల్ని బడికెలా పంపుతారని ఆ కంపెనీ ఉద్యోగే తన యజమానులకు రాసి పంపాడు.

తర్వాతి కథ త్వరగా నడిచింది. 1850లలో గోదావరి డెల్టాలో సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ పూనికతో నరసాపురం చుట్టుపక్కల రైతులు చందా వేసుకుని కొత్త బడులు పెట్టుకున్నారు. 1860లలో మద్రాసు ప్రభుత్వం పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎందరు నెగ్గితే అంత డబ్బు. వీధిబడి పంతులు కూడా ఆ వరుసలో నిలబడ్డాడు. పిల్లవాడు ఏ దారిన జవాబుకు చేరాడన్నది ఇన్‌స్పెక్టరుకు అనవసరం, జవాబు సరిపోతే చాలు. అచ్చుయంత్రం వచ్చాక ఎక్కాలు పెద్దబాలశిక్షలోకి ఎక్కాయి, ఇంటింటికీ చేరాయి. అరుగు మీద గుంపుగా పాడిన ఎక్కం పుస్తకంలో పట్టిక అయింది.

అయినా నాలుగు వంతుల నిచ్చెన ఇంకో వందేళ్లు బతికింది, డబ్బు దాన్ని నిలబెట్టింది కాబట్టి. 1957 ఏప్రిల్ 1న అదీ పోయింది. రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి అణాను ఆరుంబావు నయాపైసలుగా మార్చుకోవడానికి దుకాణాల్లో జనం తంటాలు పడ్డారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే కిలో, లీటరు, మీటరు వచ్చి సోల, తవ్వ, మానికలను అటకెక్కించాయి. ఆ మార్పు అవసరమైనదే. దేశమంతటికీ ఒక కొలత ఉండడం మేలు చేసింది, ఊరికో మానిక పెట్టుకుని రైతును ముంచిన వ్యాపారికి అడ్డుకట్ట పడింది. కానీ బడిలో ఏం జరిగిందో ఎవరూ పట్టించుకోలేదు. పదహారో ఎక్కం పిల్లలు వల్లిస్తూనే ఉన్నారు, పదహారుతో ఇక పనేమిటో చెప్పేవాళ్లు లేరు. పావు, వీసం, కాని వల్లించడం మానేశారు. వాటి బదులు దశాంశాల మీద అలాంటి రోజువారీ నోటి సాధన ఏదీ పెట్టుకోలేదు. కింద ఉండాల్సిన నిచ్చెనను తీసేశారు, పైన ఎక్కం మాత్రం మిగిలింది.

నోటితో, చెవితో లెక్క ఎంత దూరం వెళ్లగలదో తెలుగువాళ్లకు ఒక మనిషి చూపించాడు. కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మకు పుట్టుకతోనే చూపు లేదు. అక్క ఇంట్లో బడి పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నాడని చెబుతారు. తర్వాత వేల సభల్లో గణితావధానం చేశాడు. ఎవరు ఏ లెక్క అడిగినా మనసులోనే చేసి చెప్పాడు. ఆయనది అసాధారణ ప్రతిభ, బడిపిల్లలందరికీ కొలబద్దగా పెట్టరాదు. కానీ పైకి చదివిన పాఠం పక్కనున్న ఇంకో పిల్లవాడికి ఎలా పనికొస్తుందో ఆ ఇంటి కథలో ఉంది. వీధిబడిలో మూడో తరగతి ఎక్కాలు మొదటి తరగతి పిల్లలు ఊరికే వినేవాళ్లు. తమ వంతు వచ్చేసరికి అవి సగం వచ్చేసి ఉండేవి.

క్యాంప్‌బెల్ నివేదిక రాయడానికి రెండేళ్ల ముందు, 1821లో, అమెరికాలోని బోస్టన్‌లో వారెన్ కోల్బర్న్ ఒక చిన్న లెక్కల పుస్తకం వేశాడు. స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలోజీ ఆలోచనల మీద కట్టిన పుస్తకం అది. ముందు సూత్రం చెప్పి తర్వాత లెక్క ఇవ్వడం కాకుండా, ముందు లెక్క ఇచ్చి పిల్లవాడినే దారి వెతుక్కోనివ్వాలన్నది దాని పట్టుదల. ఆ దారిలోనే 1990లలో రూత్ పార్కర్, క్యాథీ రిచర్డ్‌సన్ ‘నంబర్ టాక్స్’ అనే రోజువారీ సాధనను రూపొందించారు. ఉపాధ్యాయురాలు బోర్డు మీద ఒక్క లెక్క రాస్తుంది, ఉదాహరణకు పద్దెనిమిది అయిదులు. పెన్సిల్ ముట్టకూడదు. జవాబు తట్టినవాళ్లు చెయ్యెత్తి ఊపరు, గుండె దగ్గర బొటనవేలు చూపిస్తారు. ఇంకో దారి దొరికితే ఇంకో వేలు. నెమ్మదిగా ఆలోచించే పిల్లవాడు దీనివల్ల కంగారు పడడు. తర్వాత ఒక్కొక్కరే తాము ఎలా చేశారో చెబుతారు. ఇరవై అయిదుల్లోంచి రెండు అయిదులు తీసేశానని ఒకరు, తొమ్మిది పదులు చేశానని ఇంకొకరు. ఉపాధ్యాయురాలు ఏదీ మెచ్చుకోదు, ఏదీ తప్పుపట్టదు, అన్నీ బోర్డు మీద రాస్తుంది.

వీధిబడి వల్లెవేతనూ ఈ పద్ధతినీ పక్కపక్కన పెడితే రెండింటిలో దేనిలో ఏం తక్కువో తెలుస్తుంది. వీధిబడిలో నిత్యసాధన ఉంది, గొంతు ఉంది, తోటిపిల్లల నాయకత్వం ఉంది, ఊరి కొలతతో ముడి ఉంది. నువ్వెలా చేశావు అన్న ప్రశ్న లేదు. నంబర్ టాక్స్‌లో ఆ ప్రశ్న ఉంది. కానీ దాన్ని మన బడికి తెచ్చేటప్పుడు మన పిల్లల చుట్టూ ఉన్న సంఖ్యలను వదిలేసి, అనువాదపు లెక్కలు తెచ్చిపెడుతున్నాం. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పిల్లల ఆలోచననే గణితపు దారిలో పెట్టడం లెక్కల చదువుకు ముఖ్య లక్ష్యమని చెప్పింది. ఆ లక్ష్యానికి ముడిసరుకు సంతలో ఇంకా దొరుకుతోంది. పాతిక పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినా పావు, అర, ముప్పావు పోలేదు. కూరగాయల బండి దగ్గర పావుకిలో, అరకిలో, ముప్పావు కిలో, అరపావు అని ఈ రోజుకీ అడుగుతున్నారు. అయిదో తరగతి పిల్లవాడు ఆ బండి దగ్గరికి రోజూ వెళ్తున్నాడు.

అందుకని ఒక ఉదయం బోర్డు మీద రాయదగిన లెక్క ఇలా ఉండవచ్చు. కంది పప్పు కిలో 96 రూపాయలు, ముప్పావు కిలో మీద ఇంకో అరపావు కావాలి, ఎంత? ఒక పిల్ల అర 48, పావు 24, అరపావు 12, మొత్తం 84 అంటుంది. ఇంకొకడు గ్రాముల్లోకి వెళ్తాడు, 875 అంటాడు, అక్కడ కాసేపు చిక్కుకుంటాడు. పక్కవాడు అందుకుని, వంద గ్రాములు తొమ్మిది రూపాయల అరవై పైసలు అని మొదలుపెడతాడు. వెనక బెంచీ పిల్ల మాత్రం ఇంతసేపు ఎందుకని, అది అరపావు తక్కువ కిలోయే కదా, 96లోంచి 12 తీసేస్తే సరిపోతుంది కదా అంటుంది. ఉపాధ్యాయుడు అన్ని దారులూ బోర్డు మీద రాసి, ఇదే లెక్క కిలో 100 రూపాయలైతే ఎవరి దారి తేలిక, ఎవరి దారి కష్టం అని అడుగుతాడు.